డాబాకి దక్షిణం వైపు

నఖ్లే ముప్పై ఏళ్ళకు పైగా ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశాడు. నూనె పొయ్యడం, మసి తుడవడం, ఇంజను చప్పుడులో తేడా వస్తే పైవాళ్ళకి కబురు పెట్టడం అతని పని. సముద్రం ఒడ్డున ఉన్న మా మీనా ఊళ్ళో సందుకొకరు ఇలాంటి ఓడమనుషులు ఉంటారు. వాళ్ళంతా కాఫీ దుకాణాల్లో కూర్చుని తుపాన్ల గురించి, రేవుల గురించి చెప్పుకుంటారు. నఖ్లే ఏమీ చెప్పేవాడు కాదు. సెలవు మీద ఇంటికొస్తే కిటికీలన్నీ మూసి మంచం మీద వెల్లకిలా పడుకుని, "అబ్బ! ఎంత నిశ్శబ్దంగా ఉందో" అనేవాడు. అతని భార్య వియోలెట్ వంటింట్లోంచి, "అయితే ఆ నిశ్శబ్దంతోనే కాపురం చేసుకో, మధ్యలో నేనెందుకు?" అనేది.

వాళ్ళది నాలుగో అంతస్తు, పైన డాబా. మాది రెండోది. వియోలెట్, నేను రోజూ పొద్దున్న కలిసి కాఫీ తాగుతాం. ఇందులో నేను కళ్ళారా చూడనిదేదైనా ఉంటే అది ఆమె చెప్పిందే.

నఖ్లే ఉద్యోగం పూర్తిగా వదిలి ఇంటికొచ్చిన ఏడాదే మా దేశపు డబ్బు లీరా విలువ కుప్పకూలింది. సర్కారు కరెంటు రోజుకో గంట వస్తే వచ్చినట్టు. సందు మలుపులో ఒకాయన లారీ అంత జనరేటర్ దింపి, ఇంటింటికీ వైర్లు లాగి కనెక్షన్లు అమ్మడం మొదలెట్టాడు. అది సరిగ్గా నఖ్లే పడగ్గది కిటికీ కింద. పొద్దున్న లేస్తే దాని పొగ, దాని మోత. జీవితమంతా ఇంజను పక్కన పడుకున్న మనిషి, ఇంటికొచ్చి మళ్ళీ ఇంజను పక్కనే పడుకున్నాడు.

"ఓడకి ఒడ్డు మీద నుంచి ఎవడైనా వైరు వేస్తాడా?" అని అడిగాడు వియోలెట్‌ని ఒకరోజు. "దాని కరెంటు అదే చేసుకుంటుంది. దాని నీళ్ళు అదే తోడుకుంటుంది. మనిల్లూ అలాగే ఉండాలి."

అలా మొదలైంది అతనికి సోలార్ పిచ్చి.

అద్నాన్ గురించి ఇక్కడే చెప్పాలి. అద్నాన్‌ది మొదటి అంతస్తు. నఖ్లే, అతనూ ఒకే ఏడాది, ఒకే సందులో పుట్టారు. ఒకే బండరాయి మీంచి సముద్రంలోకి దూకి ఈత నేర్చుకున్నారు. కానీ అద్నాన్ పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు, అందుకని ఒడ్డునే ఉండిపోయాడు. సముద్రం పక్క రోడ్డు మీద నువ్వుల రొట్టెల బండి తోసుకుంటూ, దారిన పోయే ఆడామగా అందరితో వేళాకోళాలాడుతూ బతికాడు. నఖ్లే సముద్రం మీద ఉన్న ఆ ఏళ్ళన్నిటిలో వాళ్ళింటికి గ్యాస్ సిలిండర్ మోసింది అద్నానే. మంచి చేప దొరికితే గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది అద్నానే. ఊళ్ళో కాల్పులు జరుగుతున్న రోజుల్లో వియోలెట్‌కి నొప్పులు మొదలయ్యాయి. కారు కదిలే దారి లేదు. అద్నాన్ బండిలో రొట్టెలు కింద పారబోసి, దుప్పటి పరిచి, ఆమెని కూర్చోబెట్టి, గోడల వారగా తోసుకుంటూ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నఖ్లే తన కూతురు జుమానాని మొదటిసారి చూసేనాటికి దానికి పళ్ళొచ్చేశాయి. జుమానాకి పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా అద్నాన్ దాన్ని "నా రొట్టె" అనే పిలిచేవాడు.

ఆ అద్నాన్‌కి పావురాలుండేవి. డాబాకి దక్షిణం వైపు, పిట్టగోడ పక్కన, చెక్కతో, రేకుతో కట్టిన పెద్ద గూడు. అతని నాన్న కట్టింది. పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదని మా ఊళ్ళో నవ్వుకుంటారు. పక్కవాడి పక్షిని తన గుంపులో కలిపేసుకుని, నాదేనని ఒట్టేసేవాళ్ళు కదా మరి. అద్నాన్ ఆ మాటకి ఉడుక్కునేవాడు కాదు. "అందుకే నన్నెవరూ కోర్టుకి ఈడ్చరు. ఎంత హాయి!" అనేవాడు. సాయంత్రం బండి కింద పెట్టేసి పైకెక్కేవాడు. పొడుగాటి కర్రకి నల్లగుడ్డ కట్టి ఊపుతూ ఈల వేస్తే, అవి లేచి మా ఇళ్ళ మీదుగా, రేవు మీదుగా, మళ్ళీ మా ఇళ్ళ మీదుగా తిరిగేవి. ఆరేసిన బట్టల మీద రెట్టలేస్తున్నాయని మేం కింద నుంచి తిట్టేవాళ్ళం. భార్య పోయాక అద్నాన్ డాబా మీద ఇంకా ఎక్కువసేపు ఉండేవాడు.

నఖ్లే మొదట పెట్టించింది చాలా చిన్నది. నాలుగు ప్యానెళ్ళు, రెండు బ్యాటరీలు, గోడకి ఒక ఇన్వర్టర్. ఎలక్ట్రీషియన్ తౌఫీక్ వచ్చి బిగించాడు. లిఫ్టుకి కరెంటు లేదు గనక బ్యాటరీలు మెట్ల మీంచే ఎక్కించాలి. ఒక కొస నఖ్లే పట్టాడు, రెండో కొస అద్నాన్.

"ఏరా కెప్టెన్, ఇందులో ఏం పోశావు? సముద్రమంతా పోశావా?" అన్నాడు అద్నాన్ మూడో అంతస్తులో ఆగి, రొప్పుతూ. నఖ్లే ఏ ఓడకీ కెప్టెన్ కాదు. అద్నాన్ మాత్రం అలాగే పిలిచేవాడు.

"యాసిడ్. మీద పోసుకోకు."

"నాకు పడితే ఫర్వాలేదు. నీ బ్యాటరీకి దెబ్బ తగిలితే నువ్వు ఏడుస్తావు."

ఆ సాయంత్రం నఖ్లే ఇంట్లో సర్కారు కరెంటు లేకుండా, జనరేటర్ లేకుండా ఫ్రిజ్ తిరిగింది. వియోలెట్ అందరికీ చల్లటి నిమ్మరసం పోసింది. అద్నాన్ గ్లాసు ఎత్తి పట్టుకుని, "ఓడ బయల్దేరింది. ఎక్కడికో ఎవరూ అడక్కండి, కెప్టెన్‌కీ తెలీదు" అన్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది నఖ్లేనే.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈ మాట వియోలెట్ నాతో ఎన్నిసార్లందో. కానీ ఫ్రిజ్, దీపాలు వచ్చాక ఫ్యాన్లు కావాలనిపించింది. ఫ్యాన్లు వచ్చాక వాషింగ్ మెషిన్. బట్టలుతికే రోజున జనరేటర్ వైరే దిక్కు. నఖ్లే ఇంకో నాలుగు ప్యానెళ్ళు పెట్టించాడు. పాత బ్యాటరీలు తీసేసి లిథియంవి తెచ్చాడు. ఫోన్‌లో బ్యాటరీ ఎంత నిండిందో చూసుకోవడం అలవాటైంది. భోజనం మధ్యలో ఫోన్ తీసి, "ఇప్పుడు నిండుతోంది చూడు" అని వియోలెట్‌కి చూపించేవాడు. ఆమె, "నా కడుపు నిండిందో లేదో కూడా అందులో చూసి చెప్పు" అనేది.

జనరేటర్ మోత గురించి ఒకరోజు అతను దాని యజమాని దగ్గరికి వెళ్ళాడు. పొగగొట్టం అవతలికి తిప్పించమని మర్యాదగానే అడిగాడు. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఇష్టం లేకపోతే కొవ్వొత్తులు కొనుక్కోండి. చర్చికి ఎలాగూ కొంటారుగా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నఖ్లే ఇంటికొచ్చి పడగ్గది కిటికీ మూశాడు. తర్వాత తౌఫీక్‌కి ఫోన్ చేశాడు.

"రెండు వైర్లూ కోసెయ్యాలి. సర్కారుదీ, ఈ దొంగదీ. ఏసీతో సహా నడవాలి. ఏం కావాలో చెప్పు."

తౌఫీక్ వచ్చి డాబా అంతా తిరిగి కొలిచాడు. ఉన్నవాటికి రెట్టింపు ప్యానెళ్ళు కావాలన్నాడు. "చోటెక్కడుంది మేస్త్రీ? ఉత్తరం పక్క మెట్ల గది, నీళ్ళ ట్యాంకులు. ఎండంతా దక్షిణం వైపే. అక్కడేమో ఆయన పావురాలున్నాయి. పైగా చలికాలం మధ్యాహ్నమయ్యేసరికి ఆ గూడు నీడ మీ మొదటి వరస మీద పడుతోంది. ఒక్క ప్యానెల్ నీడలో పడితే వరసంతా నీరసిస్తుంది."

ఆ మాట వినేదాకా నఖ్లే ఆ నీడని చూడలేదు. విన్నాక ఇక దాన్నే చూశాడు. రెట్టలూ అప్పుడే కనబడ్డాయి. పొద్దున్నే బకెట్, గుడ్డ పట్టుకుని గాజు తుడిచేవాడు, సాయంత్రానికి మళ్ళీ పడేవి.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను బట్టలు తీసుకోవడానికి పైకి వెళ్ళాను. అద్నాన్ గూడు ముందు కూర్చుని చేతిలో గింజలు పోసుకుని మేపుతున్నాడు. నఖ్లే తడిగుడ్డ పట్టుకుని అతని ఎదురుగా నిలబడ్డాడు.

"అద్నాన్, ఒక మాట."

"చెప్పు కెప్టెన్. నీ మొహం చూస్తే ఓడలోకి నీళ్ళొస్తున్నట్టుంది."

"ఈ గూడు నీడ నా ప్యానెళ్ళ మీద పడుతోంది."

"సూర్యుణ్ణి కొంచెం పక్కకి జరగమని చెప్పు. నీ మాట వింటాడు, ఈ మధ్య నీకు బాగా దగ్గరయ్యాడుగా."

"వేళాకోళం కాదురా. దీన్ని ఉత్తరం మూలకి మార్చు. మెట్ల గది వెనక. కట్టించేది నేనే."

అద్నాన్ తల తిప్పి ఆ మూల వైపు చూశాడు. "అక్కడ సముద్రం గాలి మొహం మీద కొడుతుంది. నీ మంచం అక్కడ వేసుకుంటావా?"

"అవి పక్షులురా!"

"నీవి గాజు పలకలురా."

నఖ్లే ముఖం ఎర్రబడింది. జనరేటర్ వాడి ముందు మింగిన కోపం ఇక్కడ బయటికొచ్చిందని నాకనిపించింది. "డాబా నీ ఒక్కడిది కాదు అద్నాన్. అందరిదీ. నేను అందరి నీళ్ళ మోటారూ ఊరికే నడుపుతానంటున్నాను, మెట్లకి లైట్లు పెడతానంటున్నాను. కావాలంటే బిల్డింగు వాళ్ళందర్నీ కూర్చోబెట్టి మీటింగు పెడతాను. ఏది కావాలో వాళ్ళే చెప్తారు."

అద్నాన్ చెయ్యి గింజల మీద ఆగిపోయింది. ఒక పావురం అతని మణికట్టు మీదికెక్కి నిలబడింది. దాన్ని కూడా పట్టించుకోలేదు.

"మీటింగా? నా మీదా?" అన్నాడు.

"నీ మీద కాదు, గూడు గురించి..."

"నాతో ఒక మాట చెప్పడానికి నీకు పదిమంది తోడు కావలసొచ్చారా కెప్టెన్?" గొంతు పెంచలేదు. చేతిలో మిగిలిన గింజలు నేల మీద పోసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "ఎవర్నీ పిలవక్కర్లేదు. తీసేస్తాలే."

నఖ్లే కిందికొచ్చి, "ఒప్పుకున్నాడు" అని వియోలెట్‌తో చెప్పాడు.

"ఒప్పుకున్నాడా, నోరు మూసుకున్నాడా?" అంది ఆమె.

గూడు విప్పేటప్పుడు అద్నాన్ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నఖ్లే సుత్తి పట్టుకుని పైకెళితే, "నువ్వెందుకు, బట్టలు పాడవుతాయి" అన్నాడు. పావురాల్ని నగరంలో, గుట్ట మీద ఉన్న కుబ్బె పేటకి పక్షుల వ్యాపారి ఒకతను పెట్టెల్లో పెట్టి తీసుకుపోయాడు. చెక్కలు అద్నాన్ ఒక్కడే కిందికి మోశాడు.

ఆ చోట కొత్త ప్యానెళ్ళు బిగించిన వారంలోనే పావురాలు తిరిగొచ్చాయి. మొదట రెండు, తర్వాత ఒక గుంపు. గూడు ఉన్నచోట దిగాయి. కాళ్ళ కింద గాజు. జారుతూ, రెక్కలు కొట్టుకుంటూ, వాలుగా ఉన్న ఆ పలకల మీద పైకీ కిందకీ నడిచాయి. వాటి తలుపు ఎటు పోయిందో వెతుక్కుంటున్నట్టు ఒకటి ప్యానెల్ అంచు దగ్గరే తిరిగి తిరిగి ఆగేది. వియోలెట్ అది చూడలేక కిందికొచ్చేసింది.

నఖ్లే కబురు పెడితే అద్నాన్ పైకొచ్చాడు. నోటితో చిన్నగా చప్పుడు చేస్తూ ఒక్కొక్కదాన్నీ పట్టి బుట్టలో వేశాడు. "ఏమీ అనుకోకు కెప్టెన్. వాటికింకా తెలీదు" అన్నాడు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని, షేర్ టాక్సీలో కుబ్బెకి వెళ్ళి అప్పజెప్పి వచ్చాడు. మూడు రోజులకి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ పట్టుకెళ్ళాడు. ఒకసారి పైకొచ్చేసరికి నఖ్లే ప్యానెళ్ళ చుట్టూ చేపల గాలపు దారం కట్టి, మధ్యలో గడకి ప్లాస్టిక్ గుడ్లగూబని నిలబెట్టి ఉంచాడు. అద్నాన్ దాన్ని కాసేపు చూశాడు.

"ఈయనెవరు, కొత్తగా అద్దెకి దిగారా?" అన్నాడు.

అతను వేళాకోళమాడటం నేను వినడం అదే చివరిసారి.

చివరికి ఆ పక్షుల్ని కొండల అవతల, హెర్మెల్ వైపు ఎవరికో ఇచ్చేశారట. వాళ్ళు రెక్కల ఈకలు కత్తిరించి ఉంచుకున్నారని విన్నాం. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు.

వేసవి మొదట్లో నఖ్లే రెండు వైర్లూ కోయించాడు. బిల్డింగంతా డాబా మీద చేరింది. వియోలెట్ తీపి పంచింది. తౌఫీక్ కట్టరుతో సర్కారు వైరు, తర్వాత జనరేటర్ వైరు తెంపాడు. మేం చప్పట్లు కొట్టాం. కింద గదిలో ఏసీ ఆగలేదు, ఫ్రిజ్ ఆగలేదు. నీళ్ళ మోటారు ఆడుతోంది, మెట్ల మీద లైట్లు వెలుగుతున్నాయి. పై అంతస్తుకి నీళ్ళు బకెట్లతో మోసుకున్న రోజులు గుర్తొచ్చి ఆడవాళ్ళు అతని చేతులు పట్టుకుని దీవించారు. అద్నాన్ మాత్రం రాలేదు. ఆ వేళకి సముద్రం పక్క రోడ్డు మీద బండి దగ్గర ఉన్నాడు.

అంతా అతను అనుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప. జనరేటర్ ఆగలేదు. నఖ్లే తన వైరు తెంపుకున్నాడు గానీ సందులో మిగతా ఇళ్ళన్నిటికీ అదే దిక్కు. కిటికీ కింద మోత అలాగే ఉంది, పొగ అలాగే ఉంది. "డబ్బు కట్టకుండా వింటున్నావు, అదే తేడా" అంది వియోలెట్.

సాయంత్రాలు ప్యానెళ్ళు తుడవడానికి నఖ్లే పైకెళ్ళేవాడు. పని త్వరగా అయిపోయేది, రెట్టలు లేవు. తుడిచాక ఏం చెయ్యాలో తోచేది కాదు. మొదట్లో ఆ సంగతి అతనికి తెలీలేదు. ఒకరోజు కింద నుంచి ఎవరో ఈల వేస్తే గబుక్కున ఆకాశం వైపు చూశానని, తర్వాత సిగ్గేసిందని వియోలెట్‌తో చెప్పాడు. అద్నాన్ ఇక డాబా ఎక్కడం మానేశాడు. సాయంత్రం బండి పెట్టేసి, తన మొదటి అంతస్తు బాల్కనీలో, జనరేటర్‌కి దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మెట్ల మీద ఎదురైతే పలకరించేవాడు. ఆగేవాడు కాదు.

నఖ్లే ఒకరోజు కిందికి దిగి అతని తలుపు కొట్టాడు.

"నా దగ్గర కరెంటు మిగిలిపోతోందిరా. నీకొక లైను లాగుతాను. జనరేటర్ వాడికి డబ్బు దండగ."

"వద్దులే కెప్టెన్. నాకున్నది ఒక బల్బు, ఒక ఫ్యాను."

"అవైనా ఎందుకు కట్టాలి? ఊరికే ఇస్తానంటే!"

అద్నాన్ గుమ్మంలోంచి కదల్లేదు. "నీ దగ్గర తీసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పైకొచ్చి నీకు మంచిమాట చెప్పాలి కదా. నాకు పైకి రావాలని లేదురా" అన్నాడు.

ఆ చలికాలం అద్నాన్ ఇల్లు ఖాళీ చేశాడు. అతని కొడుకు బద్రీ, మినియెలో నిమ్మతోటల మధ్య ఇల్లు కట్టుకున్నాడు, నాన్నని తనతో ఉండమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. సామాను వ్యానుకెక్కించాక అద్నాన్ నాలుగో అంతస్తుకి వచ్చి వియోలెట్ దగ్గర సెలవు తీసుకున్నాడు. నఖ్లే అప్పుడు డాబా మీద ఇన్వర్టర్ వైర్లు సరిచేస్తున్నాడు.

"ఉండు, పిలుస్తాను" అంది ఆమె.

"పనిలో ఉన్నాడుగా, వద్దు. నా రొట్టె వస్తే నేను అడిగానని చెప్పు."

నఖ్లేకి సంగతి తెలిసి మెట్లన్నీ దిగేసరికి వ్యాను వెళ్ళిపోయింది. ఆ రోజు వియోలెట్ అరుపులు నా ఇంట్లోకి వినబడ్డాయి. "నా నొప్పులప్పుడు నువ్వెక్కడున్నావు? కాల్పుల్లో నన్ను తోసుకెళ్ళింది ఎవరు? మీటింగు పెట్టి తోశాడా? పదిమందిని అడిగి తోశాడా?" 

తర్వాత చాలా రోజులకి అతనే నా దగ్గర ఎత్తాడు ఆ మాట. "గూడు తీయమన్నందుకు వాడికి బాధ లేదు నజ్వా. తిట్టుకుంటూ తీసేవాడు, నన్ను ఏడిపించేవాడు, మర్నాడు మళ్ళీ రొట్టె పట్టుకొచ్చేవాడు. ఆ మీటింగు మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. వాడికీ నాకూ మధ్య ఎప్పుడైనా మూడోవాడు ఉన్నాడా?" నేను టీ పోసి ఇచ్చాను.

వసంతంలో అతను తౌఫీక్‌ని పిలిచి దక్షిణం వైపు ప్యానెళ్ళన్నీ విప్పమన్నాడు. తౌఫీక్ నమ్మలేదు.

"మతి పోయిందా మేస్త్రీ? ఇవి తీస్తే ఏసీ నడవదు. వేసవి వస్తోంది."

"నడవకపోతే చెమట పడుతుంది. ఇంజను గదిలో పట్టని చెమటా?"

"మళ్ళీ జనరేటర్ వాడి దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది."

"వెళ్తాను. నువ్వు విప్పు."

వెళ్ళాడు కూడా. పేపర్ చదివే ఆ మనిషి ముందు నిలబడి, మళ్ళీ వైరు ఇమ్మని అడిగాడు. ఆయన ఏమన్నాడో నఖ్లే ఎవరికీ చెప్పలేదు. మెట్లకీ మోటారుకీ మాత్రం సోలారే ఉంచి, తన ఇంటి వాడకం తగ్గించుకున్నాడు.

విప్పిన చోట గూడు తనే కట్టాడు. చెక్కలు కొన్నాడు, రేకు కొన్నాడు. పాతది ఎలా ఉండేదో వియోలెట్‌ని, నన్ను, మూడో అంతస్తు వాళ్ళని అడిగి అడిగి కట్టాడు. ఆదివారం సంతలో పావురాలు కొని తెచ్చాడు. కొన్ని వారాలు మూసి ఉంచి మేపితే అలవాటు పడతాయని అమ్మినవాడు చెప్పాడట. అలాగే చేశాడు. ఒక సాయంత్రం తలుపు తీశాడు. కర్రకి నల్లగుడ్డ కట్టుకున్నాడు గానీ ఈల వెయ్యడం రాలేదు అతనికి. అవి లేచి ఒక చుట్టు తిరిగి నగరం వైపు వెళ్ళిపోయాయి. చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.

రంజాన్ పండగకి అతను, వియోలెట్, నేను నా పాత కారులో మినియె వెళ్ళాం. దారి పొడవునా నఖ్లే స్వీట్ల పెట్టె ఒళ్ళో పట్టుకుని, అద్నాన్‌తో ఏమనాలో తనలో తనే అనుకుంటున్నాడు. పెదవులు కదలడం అద్దంలో నాకు కనబడింది.

బద్రీ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. అద్నాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"రండి ఖవాజా నఖ్లే. దయచేయండి. ఇల్లు మీది" అన్నాడు.

నఖ్లే గుమ్మంలోనే ఆగిపోయాడు. మా ఊళ్ళో ఖవాజా అని బ్యాంకు మేనేజరుని అంటారు, డాక్టర్ని అంటారు. బండరాయి మీంచి కలిసి దూకినవాణ్ణి అనరు.

"ఒరేయ్, నేనురా" అన్నాడు.

"తెలుసండి. కూర్చోండి. దారిలో ఇబ్బంది పడలేదు కదా?"

కాఫీ వచ్చింది, మంచి కాఫీ. బద్రీ పిల్లలు వచ్చి చేతులు కలిపి వెళ్ళారు. వియోలెట్ నిమ్మతోట బాగుందంది. నఖ్లే కప్పు కింద పెట్టేశాడు.

"తప్పు చేశానురా అద్నాన్. ప్యానెళ్ళు తీసేశాను. గూడు మళ్ళీ కట్టాను, అదే చోట. నీ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చెయ్యి."

అద్నాన్ అంతా విన్నాడు. అతని ముఖంలో కోపం ఏ మూలైనా ఉందేమోనని వెతికాను, లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"చాలా శ్రమ తీసుకున్నారు" అన్నాడు. "ఈ వయసులో అంత బరువులు ఎత్తకూడదు మీరు. ఆ పాత పావురాలు మా నాన్న పక్షుల పిల్లలకి పిల్లలు. వాటికి ఆ డాబా వాటి తల్లులు నేర్పాయి, నేను కాదు. ఇప్పుడు కొత్తవాటిని తెచ్చి, ఇదే మీ ఇల్లని నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. నాకు ఓపిక లేదండి. ఇక్కడ బాగానే ఉంది. పిల్లలున్నారు." పళ్ళెం ముందుకు జరిపాడు. "మీరు ఏమీ తీసుకోలేదు. తీసుకోండి."

నఖ్లే ఒక స్వీటు బిళ్ళ తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.  లేచేటప్పుడు అద్నాన్ మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. కారు తలుపు తనే తీసి పట్టుకున్నాడు.

తిరిగొస్తూంటే బాగా దూరం వచ్చాక నఖ్లే ఒక్క మాటన్నాడు. "వాడు నన్ను మీరన్నాడు." 

మర్యాద తప్పే మనిషి కాదు అద్నాన్. మరుసటి ఈస్టర్‌కి బద్రీతో కలిసి వచ్చాడు. చేతిలో నగరంలోని పెద్ద దుకాణం స్వీట్ల డబ్బా. ముందు గదిలో సోఫా అంచున కూర్చున్నాడు. వియోలెట్ ఖర్జూరం బిస్కెట్లు పెట్టింది. ఎండల గురించి, నిమ్మకాయల ధర గురించి, జుమానా పిల్లల చదువుల గురించి మాట్లాడారు. జుమానాని పేరు పెట్టే అడిగాడు.

"పైకి వెళ్దామా?" అన్నాడు నఖ్లే. "గూడు ఎలా కట్టానో చూసి తిట్టు. తలుపు వంకరగా వచ్చింది."

"మోకాళ్ళు సహకరించడం లేదండి. ఇంకోసారి" అన్నాడు అద్నాన్ నవ్వుతూ. నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మనిషికి డాబా ఇంకొక్క అంతస్తే. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు.

కాసేపటికి సెలవు తీసుకున్నాడు. నఖ్లే వాళ్ళని వీధి దాకా దిగబెట్టి, కారు కనుమరుగయ్యేదాకా నిలబడి, మళ్ళీ మెట్లెక్కడం మొదలెట్టాడు. నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయాసపడి మెట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. సగం తాగి గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"వాళ్ళ బక్రీదు పండగ ఎప్పుడొస్తోంది నజ్వా?" అని అడిగాడు.

"వేసవిలో."

"నీ కారు ఖాళీగా ఉంటుందా?"

ఉంటుందన్నాను. మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచి పైకి వెళ్ళాడు.